షార్జా గడప

మా ఇంట్లో ఏ డబ్బు మాట వచ్చినా తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. గ్యాస్ బండ ధర పెరిగినా, బిడ్డ స్కూలు ఫీజు ఒక నెల ఆలస్యమైనా, మా అత్త గోడ వైపు తిరిగి ఒక్క మాట అంటుంది. "పరాయి దేశంల కడపకు రంగేసి సాంచె పోగొట్టుకున్నోళ్లం, మనకెక్కడియి పైసలు." నా పేరు చెప్పదు. చెప్పాల్సిన పని లేదు. ఆ గడపకు రంగు వేసింది ఎవరో సిరిసిల్లలో మా గల్లీ మొత్తానికి తెలుసు.

ఆరేళ్లు ఆ మాట పడ్డాను. పడి ఊరుకున్నానని కాదు, నాకూ నోరుంది. ఎదురు మాట్లాడాను, అన్నం మానేశాను, రెండుసార్లు సంచీ సర్దుకుని పెద్దపల్లిలో మా తల్లిగారింటికి పోయాను. నాలుగు రోజులకు తిరిగి వచ్చేసరికి ఆ మాట నాకోసం ఇంట్లో కాచుకుని ఉండేది. అందుకే ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తున్నాను. మా అత్తకు చదువు రాదు, ఆమె చదవదు. మా ఆయన చదువుతాడో లేదో ఆయన ఇష్టం.

సాంచె అంటే మరమగ్గం. మా పెళ్లినాటికి మా ఆయనకు రెండు సాంచెలు ఉండేవి. సేటు దగ్గర నూలు తెచ్చి, బట్ట నేసి ఇచ్చి, మీటరుకు ఇంత అని తీసుకునేవాడు. నేను పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేదాన్ని. పొద్దున మొదలైన చప్పుడు చీకటి పడేదాకా ఆగేది కాదు, ఇంట్లో ఒకరితో ఒకరం అరుచుకునే మాట్లాడుకునేవాళ్లం. మిగిలేది తక్కువే. కానీ మా ఊళ్లో సొంత సాంచె ఉన్నవాడిని ఆసామి అంటారు, ఇంకొకరి సాంచె నడిపేవాడిని కార్మికుడు అంటారు. ఆ పేరంటే మా ఆయనకు ప్రాణం. ఆర్డర్లు పడిపోయి నాలుగు నెలలు సాంచెలు బంద్ అయినప్పుడు కూడా రోజూ పొద్దున పోయి వాటి మీద దుమ్ము తుడిచి వచ్చేవాడు.

చివరికి రెండింటినీ పాత ఇనుప సామాను కొనేవాడు తూకానికి తీసుకుపోయాడు. ఆ పైసలకు కొంత అప్పు కలిపి మా ఆయన షార్జా పోయాడు, ఒక లాండ్రీ కంపెనీలో డెలివరీ బండి నడపడానికి. పోయేటప్పుడు ఒకటే మాట అన్నాడు.

"మల్ల వచ్చినంక ఒక్క సాంచన్న పెడ్త. ఆసామిగనే పోయిన, ఆసామిగనే వస్త."

నాలుగేళ్లు ఒక గదిలో ఎనిమిది మందితో, మంచం మీద మంచం ఉన్న చోట పడుకున్నాడు. ఐదో ఏడు జీతం పెరిగి భార్యాబిడ్డలను తెచ్చుకునే అర్హత వచ్చింది. నేను, మూడేళ్ల బిడ్డ విమానం ఎక్కాము. మాకోసం ఒక పాత బిల్డింగులో ఏడో అంతస్తులో ఒకే గది ఉన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ఏడాది కాంట్రాక్టు, ముందే రాసిచ్చిన చెక్కులు, వాటి మీద డిపాజిట్. కాంట్రాక్టు కాగితాలు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చాడు.

"ఏం రాసిండ్రు?" అని అడిగాను.

"అందరికి ఒక్కతీరే రాస్తరట. పోయేటప్పుడు డిపాజిట్ వాపస్ ఇస్తరు" అన్నాడు.

ఆ డిపాజిట్ సిరిసిల్లలో ఒక పాత సాంచె కొనుక్కునేంత. మా ఆయన దాన్ని డిపాజిట్ అని ఎప్పుడూ అనలేదు, సాంచె పైసలు అనేవాడు. నెల జీతం అప్పులకూ తిండికీ పోయినా ఆఫీసులో సాంచె పైసలు భద్రంగా ఉన్నాయి కదా అని ఇద్దరం ధైర్యంగా ఉండేవాళ్లం. బ్యాంకులో వేసుకుంటే ఖర్చయిపోయేవి, ఇదే నయం అని కూడా అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, మంచి నవ్వు కాదు.

అక్కడ బిల్డింగు చూసుకునే మనిషిని నాతూర్ అంటారు. తాళాలు, మోటర్లు, లిఫ్టు, చెత్త, అన్నీ ఆయన చేతి మీదే. మా నాతూర్ ఇచ్చోడ దగ్గరి మనిషి. మేము పోయిన మొదటి రోజే సామాను లిఫ్టులో ఎక్కిస్తూ మా మాట విని ఆగిపోయాడు.

"మీరు కరీంనగర్ దిక్కోళ్లా? బరోబర్, మాట వినంగనె తెలిసింది. మాది ఆదిలాబాద్ జిల్లా" అన్నాడు.

"అయితే నువ్వు మా అన్నవే" అన్నాను.

"మా దిక్కు దాదా అంటరు చెల్లె" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన దాదా, నేను చెల్లె. ప్రతి మాటకూ ముందు బరోబర్ అనేవాడు. గ్యాస్ పొయ్యి బిగించి ఇచ్చాడు, బిడ్డకు జ్వరం వస్తే ఏ దవాఖానలో తక్కువ తీసుకుంటారో చెప్పాడు. నేను జొన్నరొట్టె చేసిన రోజు ఒకటి ఆయనకు కింద గదికి పంపేదాన్ని. మా ఆయన పన్నెండు గంటలు బండి మీద ఉండేవాడు. ఆ బిల్డింగులో పగలు నాకు తెలుగు వినిపించేది ఆ ఒక్క నోటి నుంచే. కాబట్టి నమ్మాను. నమ్మడంలో నా తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

ఇక గడప సంగతి. మా వైపు ఇంటికి గడప లేకపోతే ఇల్లే కాదు. శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాలి. వారం వారం రాసే ఓపిక లేనివాళ్లు పసుపు పెయింటు వేసి, మీద ఎర్ర బొట్లు, తెల్ల చుక్కలు పెట్టుకుంటారు. సిరిసిల్లలో ఏ గల్లీకి పోయినా ఇళ్లు ఏ రంగులో ఉన్నా గడపలన్నీ పసుపే. షార్జా ఇంటికి చెక్క గడప లేదు. తలుపు కింద తెల్ల రాయి పలక ఒకటి, దానికి రెండు వైపులా లేత రంగు చెక్క చట్రం. నాకు అదే గడప. శుక్రవారం నాడు రాతికీ, చట్రం అడుగుకూ పసుపు రాసి బొట్లు పెట్టేదాన్ని.

దానితో కొత్త తంటా వచ్చింది. వరండా తుడిచేవాళ్లు నీళ్లు పోయగానే పసుపు కరిగి ఏడో అంతస్తు మొత్తం పచ్చగా పారేది. ఎదురింటివాళ్లు నాతూర్‌కు చెప్పారు. నాతూర్ వచ్చి నా మొహం చూశాడు. బుద్ధిగా మానేస్తానని అందామనుకున్నాను, నోరు రాలేదు. దసరా దగ్గరకు వచ్చింది, పండుగకు ఉత్త గడప ఎలా ఉంచుతాం.

"నువ్వు పరేషాన్ కాకు చెల్లె. నీళ్లకు పోని రంగు నా దగ్గరున్నది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సగం ఖాళీ అయిన డబ్బా, ఒక బ్రష్షు పట్టుకుని వచ్చాడు. నేను ఆయన చేతిలోంచి తీసుకోబోయాను. "నీకు రాదు, గిది చిక్కగుంటది" అని ఆయనే గొంతుకూర్చుని వేశాడు. రాతి పలకకు రెండు పూతలు, చట్రానికి జానెడు ఎత్తు దాకా. ఆయన పోయాక ఆరనిచ్చి నేను కుంకుమ రంగుతో బొట్లు పెట్టాను, బిడ్డ దూదిపుల్లతో తెల్ల చుక్కలు పెట్టింది. నా వాటా అంత వరకే. ఆ పసుపు ఎంత బాగుందంటే ఫోటో తీసి మా అత్తకు పంపాను. మా అత్త ఫోన్‌లో మెచ్చుకుంది కూడా. ఆ సంగతి ఇప్పుడు ఆమెకు గుర్తు లేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి గుమ్మం ముందు ఆగాడు.

"గీ రంగు ఎక్కడిది?"

"నాతూరన్న తెచ్చిండు. ఆయనే ఏసిండు."

వంగి వేలితో ఒకసారి రాసి చూసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

తర్వాత నాలుగు నెలలకు లాండ్రీ కంపెనీకి పెద్ద హోటళ్ల పని పోయింది. బండ్లు సగం ఆపేశారు, డ్రైవర్లను తీసేశారు. వీసా రద్దయింది, నెల రోజుల్లో దేశం విడిచి పోవాలి. అప్పుడు కాంట్రాక్టు తీసుకుపోయి ఆఫీసులో అడిగితే, ఏడాది నిండకముందే పోతే డిపాజిట్ రాదని అందులోనే రాసి ఉందని చెప్పారు. మా ఆయన సంతకం కింద వేలు పెట్టి చూపించారట. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని తినలేదు.

మళ్లీ పోయి బతిమాలాడు. మూడు రోజులు తిరిగితే ఆఫీసు మనిషి కొంచెం మెత్తబడ్డాడు. మిగిలిన నెలలకు మీరే ఇంకొకరిని తెచ్చి పెట్టండి, ఇల్లు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే అప్పజెప్పండి, డిపాజిట్ ఇచ్చేస్తాం అన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. జగిత్యాల దిక్కు జంట ఒకటి దొరికింది, భర్త హోటల్లో వంటమనిషి. వాళ్లు ఇల్లు చూసుకుని సరేనన్నారు. నేను రెండు రోజులు కూర్చుని పొయ్యి గట్టు, బాత్రూం, కిటికీ అద్దాలు తోమాను. మేకులు పీకిన చోట తెల్ల సిమెంటు మెత్తాను. గడప దగ్గర కిరోసిన్, నిమ్మకాయ, బ్లేడు, అన్నీ అయ్యాయి. కుంకుమ బొట్లు పోయాయి, చుక్కలు పోయాయి. పసుపు మాత్రం కదలలేదు.

"నాతూరన్ననే ఏసిండు గదా, ఆయనే చెప్తడు తియ్" అన్నాను మా ఆయనతో. ఆయన చెప్పులు వేసుకుని కిందికి పోయాడు.

ఇల్లు చూడటానికి ఆఫీసు మనిషి వచ్చిన రోజు నాతూర్ తాళాల గుత్తి పట్టుకుని వెనుక నిలబడ్డాడు. ఆఫీసు మనిషి గోడలు చూశాడు, నల్లాలు తిప్పి చూశాడు, బాగుందన్నట్టు తల ఊపాడు. బయటికి పోతూ గడప దగ్గర ఆగాడు. బూటుతో గీకాడు. తర్వాత హిందీలో అడిగాడు, ఇది ఎవరు వేశారని. మా బిల్డింగు మనిషి వేస్తే మేము చూసుకుంటాం, మీరు వేస్తే చట్రం, రాయి మార్చాలి, ఆ ఖర్చుకు డిపాజిట్ పోతుంది అన్నాడు.

నేను నాతూర్ వైపు చూశాను. ఆయన తాళాల గుత్తి వైపు చూస్తూ చెప్పాడు. "వాళ్లే వేసుకున్నారు సాబ్. వద్దని చెప్పాను, వినలేదు."

నాకు వచ్చిన హిందీ అంతా నోట్లోనే తిరగబడింది. "అబద్ధం, నువ్వే తెచ్చినవు, నువ్వే ఏసినవు" అని తెలుగులోనే అన్నాను. ఆఫీసు మనిషి మా ఆయనను అడిగాడు, ఆమె ఏమంటోందని. మా ఆయన అక్కడే, నా పక్కనే, బిడ్డ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. "ఏమీ లేదు సాబ్" అన్నాడు. అంతే. ఆ మనిషి కాగితం మీద ఏదో రాసి మా ఆయనతో సంతకం పెట్టించుకుని లిఫ్టు ఎక్కాడు.

తలుపు వేసుకున్నాక అడిగాను. "నామీద అబద్ధం చెప్తుంటే నోరెందుకు తెరువలే?"

"ఆయనకు అబద్ధం చెప్పే అవసరమేమున్నది? మనోడు. వద్దనే చెప్పిండేమో, నువ్వే విన్నవో లేదో" అన్నాడు మా ఆయన.

ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. డిపాజిట్ పోయినందుకు కాదు. మొగుడు పరాయివాడి మాట నమ్మి నన్ను అబద్ధాలకోరును చేశాడని. విమానంలో నాలుగు గంటలు మాట్లాడుకోలేదు. ఇంటికి చేరాక మా అత్త అడిగిన మొదటి ప్రశ్న డిపాజిట్ ఎలా పోయిందని. మా ఆయన బూట్లు విప్పుకుంటూ జవాబిచ్చాడు. "నీ కోడలు కడపకు రంగేసింది. గా ఖర్చుకింద పట్టుకున్నరు."

అలా మొదలైంది. మా ఆయన మళ్లీ సాంచె పెట్టలేదు. ఒకప్పుడు తనతో సమానంగా కూర్చుని చాయ్ తాగిన ఆసామి దగ్గరే కూలికి పోతున్నాడు. ఆ ఆసామి ఇప్పుడు కూడా చాయ్ తెప్పిస్తాడు, మా ఆయన నిలబడి తాగుతాడు. నేను లంగాలు కుట్టే షెడ్డుకు పోతున్నాను. షార్జా నుంచి వచ్చాక గడపకు పసుపు రాయడం మానేశాను. శుక్రవారం మా అత్తే నడుము పట్టుకుని వంగి రాస్తుంది, రాస్తున్నంత సేపూ సణుగుతుంది.

మేము వచ్చేసిన మరుసటి దసరాకు జగిత్యాల ఆమె నాకు ఒక ఫోటో పంపింది. అదే తలుపు, అదే రాయి, అదే పసుపు. మీద కొత్త బొట్లు, పక్కన దీపం. కింద మాట రికార్డు చేసి పంపింది. "అక్కా, నీ కడప మంచిగున్నదని మేం గట్లనే ఉంచినం. ఆఫీసోళ్లు ఏం మార్చలే." చట్రం మార్చలేదు, రాయి మార్చలేదు. మా సాంచె పైసలు మాత్రం మార్చినందుకు పట్టుకున్నారు. ఫోటో మా ఆయనకు చూపించాను. చూసి ఫోను తిరిగి ఇచ్చేశాడు. "పోయినయి పోయినయి. ఇగ దాన్ని తవ్వకు" అన్నాడు. తవ్వేది నేనా, ఆయన తల్లి కాదా.

ఇదంతా ఓర్చుకునేదాన్నేమో. మొన్న వానాకాలంలో బిడ్డ నా పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది. "అమ్మా, నాన్నను కూలోన్ని చేసింది నువ్వేనట గదా. నానమ్మ చెప్పింది." దానికి ఇప్పుడు పదేళ్లు. దూదిపుల్లతో ఆ గడపకు చుక్కలు పెట్టిన చెయ్యి అది. అందులో కోపం లేదు, ఊరికే తెలుసుకుందామని అడిగింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ నాతూర్ నోటితోనే మా ఆయనకు నిజం వినిపించాలి, ఇంక నాకేమీ వద్దు అనుకున్నాను.

నాతూర్ కాలికి పుండై, షుగర్ ఎక్కువై ఇంటికి వచ్చేశాడని, ఇచ్చోడలో రోడ్డు పక్కన చిన్న దుకాణం పెట్టాడని జగిత్యాల ఆమె అంతకుముందే చెప్పింది. రమ్మంటే మా ఆయన రాడని నాకు తెలుసు. దసరా ముందు ఆదిలాబాద్‌లో మా చుట్టాల ఇంట్లో శుభకార్యం పడింది. ఇద్దరం పోయాము. తిరుగు బస్సులో కరీంనగర్ దాకా టికెట్లు తీసుకున్నాం. చేలల్లో పత్తి తీత అప్పుడే మొదలైంది, రోడ్డు పక్కన నల్లరేగడి మీద అక్కడక్కడా తెల్లగా ఉంది. బస్సు ఇచ్చోడలో ఆగగానే నేను సంచీ తీసుకుని దిగేశాను. మా ఆయన కిటికీలోంచి పిలిచాడు, నేను వెనక్కి చూడలేదు. చేసేది లేక ఆయనా దిగాడు.

"గిక్కడేం పని?"

"నాతూరన్న దుకాణం గిక్కడనే ఉన్నదట. ఒక్క మాట అడిగి పోదాం."

మా ఆయన మొహం ఎలా మారిందో నేను చూశాను. కోపమనుకున్నాను. "నువ్వు పో, నేను నీళ్లు తెస్త" అని అవతలి వైపు పోయాడు.

దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. రేకుల కింద బిస్కెట్ పాకెట్లు, నీళ్ల సీసాలు, బీడీ కట్టలు. నాతూర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఎడమ పాదానికి కట్టు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేవబోయాడు.

"చెల్లె? బరోబర్, చెల్లెనే. కూసో, కూసో. బిడ్డ మంచిగున్నదా?"

ఆరేళ్లుగా ఆయనను తిట్టాల్సిన తిట్లన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కట్టు కట్టిన పాదం చూశాక సగం మర్చిపోయాను. కూర్చోలేదు. నిలబడే అడిగాను.

"దాదా, ఆ కడపకు రంగు ఎవరేసిండ్రు?"

ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నేనే ఏసిన చెల్లె. కింద పార్కింగుల గీతలు కొట్టే రంగు అది. ఆఫీసోళ్ల డబ్బా. నేనే తెచ్చిన్నని తెలిస్తే గాయన గా రోజే నన్ను ఇంటికి పంపుతుండె. ఇద్దరు పిల్లలు కాలేజిల ఉండిరి గప్పుడు. ఏం జేయాలె."

ఇంత తేలికగా చెప్తాడని నేను అనుకోలేదు. పోట్లాడటానికి వచ్చినదానికి పోట్లాట లేకుండా పోయింది. "గిదే మాట మా ఆయన వచ్చినంక ఆయన ముందట చెప్పు. గంతే చాలు నాకు" అన్నాను.

నాతూర్ నన్ను వింతగా చూశాడు.

"ఆయనకు ఎరికే గదా చెల్లె. రోజు బండి ఆ గీతల నడుమనే పెట్టేటోడు, ఆ రంగు గుర్తువట్టడా? ఆఫీసాయన వచ్చే ముందురోజు నా కాడికి వచ్చిండు. గీతల రంగు తీసేటందుకు నీ దగ్గర ఏమన్న ఉన్నదా అన్నడు. ఏం లేదని చెప్పిన. నా పేరు చెప్పకు తమ్మీ అని కాళ్లు మొక్కబోయిన. జర ఆలోచించి, ఫికర్ చేయకు, చెప్పను అన్నడు. మాట తప్పలే. దేవుడసొంటి మనిషి."

అప్పటికి మా ఆయన నీళ్ల సీసాతో వచ్చి నా వెనుక నిలబడి ఉన్నాడు. ఎంతవరకు విన్నాడో తెలియదు. నాతూర్ ఆయనను చూసి రెండు చేతులూ జోడించాడు. మా ఆయన కూడా జోడించాడు. ఇద్దరూ కాలి పుండు గురించి, నిమ్స్‌లో చూపించుకుంటే మంచిదా, ఆదిలాబాద్ రిమ్స్ చాలా అని మాట్లాడుకున్నారు. నేను అక్కడ ఉన్నట్టే లేదు. చాయ్ వచ్చింది. తాగాను, ఎందుకు తాగానో తెలియదు.

తర్వాతి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు అడిగాను.

"ఎరికుండి నన్ను అబద్ధాలదాన్ని చేసినవు."

"చెప్తే ఆయన కొలువు పోతుండె."

"మన సాంచె పోలేదా?"

"మాటిచ్చిన గదనే."

"మాటిచ్చింది నువ్వు. మాట పడ్డది నేను. సరే, గాయన ముందట చెప్పలే. ఇంటికొచ్చినంక నాకన్న చెప్పకపోతివి. మీ అవ్వకన్న చెప్పకపోతివి."

మా ఆయన బస్సు వచ్చే దిక్కే చూస్తూ చెప్పాడు, ఆరేళ్లలో నాకు చెప్పిన ఒకే ఒక్క నిజం. "కాంట్రాక్టు చదవకుంట సంతకం పెట్టింది నేను. ఇంటికి రాంగనె అవ్వ ఎట్ల పోయినయని అడిగె. నా తప్పని చెప్పబుద్ధి కాలే. నీ పేరు వచ్చింది నోట్లకు. ఒకసారి చెప్పినంక మల్ల ఎట్ల మార్సాలె?"

నాతూర్ కొలువు పోతుందని భయపడి అబద్ధం చెప్పాడు. ఆయన మీద నాకు ఇప్పుడు పెద్ద కోపం లేదు. మా ఆయన దగ్గర పోయేందుకు ఏ కొలువూ లేదు. తల్లి ముందు కాస్త చిన్నబోవాల్సి వస్తుందని, నన్ను ఆరేళ్లు అందరి ముందు చిన్నబుచ్చాడు. చివరికి బిడ్డ ముందు కూడా.

"ఇంటికి పోయినంక మీ అవ్వకు, బిడ్డకు చెప్పాలె. నువ్వే చెప్పాలె" అన్నాను.

"చెప్త" అన్నాడు.

నిర్మల్, మెట్‌పల్లి, జగిత్యాల దాటాయి. కరీంనగర్‌లో బస్సు మారాము. ఆయన నిద్రపోయాడు, నేను పోలేదు.

ఇంటికి వచ్చిన రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. మూడో రోజు పని నుంచి వస్తూ ఒక చిన్న డబ్బా తెచ్చి తలుపు పక్కన పెట్టాడు. పసుపు పెయింటు, దాని మీద కొత్త బ్రష్షు. నా వైపు చూడకుండా కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. ఇది ఆయన క్షమాపణ అని నాకు అర్థమైంది. కాదనను, ఒక్క నిమిషం మనసు మెత్తబడింది కూడా.

ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. మా అత్త డబ్బా చూసింది.

"మల్ల రంగొచ్చిందా ఇంట్లకు? సాంచె ఖరీదు పెట్టి పరాయోళ్ల కడపకు ఏసింది సాలలేదా?"

నేను చేతిలో గరిటెతో అలాగే నిలబడ్డాను. ఇంతకంటే మంచి సమయం ఆయనకు మళ్లీ రాదు. తల్లి ఎదురుగా ఉంది, బిడ్డ పక్కన ఉంది, ఒక్క వాక్యం చాలు. బిడ్డ కూడా తినడం ఆపి తండ్రి వైపు చూసింది, నేను చూస్తున్నానని.

మా ఆయన తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. ఆఫీసు మనిషి అడిగిన రోజు ఎలా నిలబడ్డాడో అలాగే కూర్చున్నాడు. "జర చారు పొయ్" అన్నాడు నాతో.

పోశాను. తర్వాత చెయ్యి కడుక్కుని, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, పార్కింగు గీతల దగ్గర నుంచి ఇచ్చోడ దాకా అంతా నేనే చెప్పాను. మా అత్త వింటుండగానే చెప్పాను. బిడ్డ అంతా విని తండ్రిని అడిగింది. "నాన్నా, నిజమా?"

ఆయన లేచి, కంచం తీసుకుని బయటికి పోయాడు. మా అత్త నన్ను చూసి అంది. "ఇగ తప్పంత నా కొడుకు మీద పెడుతున్నవా."

డబ్బా సజ్జ మీద పెట్టాను. దసరా పోయింది, దీపావళి పోయింది. దాని మూత ఇంకా తీయలేదు.